మేడమ్ నోట్‌బుక్ నా దగ్గర ఉంది, ఏం చెయ్యమంటారు?

మూసీ_గట్టు
మన యూనివర్సిటీలో పిల్లలకు కౌన్సెలింగ్ చేసిన 14వ రూమ్ మేడమ్ పోయి రేపటికి నెల. గేటు దగ్గర ఫ్లెక్సీ మీలో చాలామంది చూసే ఉంటారు. మేడమ్ ఫోటో పాస్‌పోర్టు సైజు, కింద శ్రద్ధాంజలి ఘటించిన వాళ్ళ ఫోటోలు ఒక్కొక్కటి కిటికీ అంత. సరే, అది వదిలేద్దాం, నా సమస్య వేరే.

పోయిన వారం ఆ గది ఖాళీ చేశారు, ఆన్సర్ షీట్ల కట్టలు పెట్టుకోవడానికట. అటెండర్ అన్న ఫోన్ చేసి "కాగితాలన్నీ పాత సామాన్లోనికి ఏస్తున్నరు, మేడమ్ రాసుకున్న బుక్కు ఒకటుంది, నువ్వొచ్చి తీస్కపో" అన్నాడు. మిర్యాలగూడ నుంచి పని వదిలేసి వెళ్ళి తెచ్చాను. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. అట్టకు బ్రౌన్ పేపర్ వేసి, బడి పిల్లల్లాగా లేబుల్ కూడా అతికించింది గానీ లేబుల్ మీద ఏమీ రాయలేదు. రెండు పేజీలు చదివి మూసేశాను. అందులో ఉన్నది మనమే. పేర్లు లేవు, "దేవరకొండ బస్సు, రెండో సెమ్, ఇంట్లో పెళ్ళి మాట" ఇలా బస్సుల పేర్లతో రాసుకుంది. కానీ అప్పట్లో అక్కడ చదివినవాడు చూస్తే ఎవరో తెలిసిపోతుంది. నాకు ఇద్దరు తెలిసిపోయారు, తెలియకుండా ఉంటే బాగుండేది.

ఇప్పుడు దీన్ని యూనివర్సిటీకి ఇవ్వాలా, వాళ్ళింటికి పంపాలా, దాచాలా, తగలబెట్టాలా? బీరువాలో బట్టల కింద పెట్టాను. మా ఆవిడ అప్పుడే రెండుసార్లు అడిగింది ఏంటది అని.

గడియారం_సెంటర్
ఫ్లెక్సీ కథ నాకు తెలుసు. "కౌన్సిలర్" అని రాసిస్తే ప్రింటింగ్ షాపు వాడు మున్సిపల్ కౌన్సిలర్ అనుకుని పార్టీ రంగు వేశాడట. మొదటి ప్రింట్‌లో "వార్డు ప్రజల ఆశాజ్యోతి" అని కూడా ఉందని మావాడు చెప్పాడు, నిజమో అబద్ధమో.

జడ్చర్ల_జంక్షన్
ఒక్క పేజీ ఫోటో పెట్టు అన్నా. ఊరికే, చేతిరాత చూద్దామని.

మూసీ_గట్టు
పెట్టను.

సైకాలజీ_చదివినోడు
అడగనే కూడదు. నేను ఇదే పని చేస్తాను కాబట్టి చెప్తున్నా. కౌన్సెలింగ్‌లో చెప్పిన మాట చెప్పినవాళ్ళది, విన్నవాళ్ళు పోయినంత మాత్రాన అది ఊరిది అయిపోదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో 23వ సెక్షన్ మొత్తం గోప్యత గురించే. మేడమ్ డాక్టర్ కాదు, ఆ సెక్షన్ ఆమెకు అక్షరాలా వర్తిస్తుందా అని వాదించొచ్చు గానీ పద్ధతి మాత్రం అదే. యూనివర్సిటీకి ఇస్తే ఆ పుస్తకం ఏ టేబుల్ మీద, ఏ చాయ్ గ్లాసు కింద ఉంటుందో మనందరికీ తెలుసు.

పాలమూరు_పోరడు
నేను 14వ రూమ్‌కు పొరపాటున వెళ్ళినవాణ్ణి. స్కాలర్‌షిప్ సెక్షన్ అనుకుని వెళ్ళాను. మాది కోస్గి దిక్కు. అమ్మానాన్న బొంబాయిలో మేస్త్రీ కింద పని, దసరాకు వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. ఆ ఏడాది ఆదాయ సర్టిఫికెట్ టైముకు పెట్టలేదు, ఈపాస్‌లో నా అప్లికేషన్ ఆగిపోయింది, మెస్ బిల్లు పేరుకుపోయింది, వార్డెన్ పెట్టె సర్దుకోమన్నాడు. నేను కూడా మానేసి బొంబాయి రైలెక్కుదామనే అనుకున్నాను, పాలమూరు లేబర్‌లో ఇంకొకడు పెరిగితే లోకానికి వచ్చిన నష్టం ఏముంది అని.

ఆమె కూర్చోమంది. ఏమైందని అడిగితే నాకు నోరు పెగల్లేదు. అప్పుడు ఒక తెల్ల కాగితం ఇచ్చి "దరఖాస్తు రాయి. గౌరవనీయులైన అని మొదలుపెట్టు. ఎవరికి అనేది ఆఖరికి చూద్దాం" అంది. దరఖాస్తు రాయడం మనకు ఆరో తరగతి నుంచి అలవాటే కదా, మొదలుపెట్టాను. మెస్ బకాయి, ఆదాయ సర్టిఫికెట్, తేదీలు. సగం పేజీ దాటాక చెయ్యి ఎటు పోయిందో ఏమో, అమ్మను చూసి ఎనిమిది నెలలైందని, ఫోన్లో సిమెంట్ మిక్సర్ చప్పుడు తప్ప ఆమె మాట వినబడదని రాసుకుంటూ పోయాను. మేడమ్ మొత్తం చదివి, డ్రాయర్లోంచి కత్తెర తీసి, కాగితాన్ని అడ్డంగా కోసింది. "పై సగం మెస్ ఇంచార్జికి. కింద సగం ఆయనకెందుకురా, మీ అమ్మది" అని రెండో ముక్క నా చేతిలో పెట్టింది. పై ముక్క పట్టుకుని తనే నాతో ఆఫీసుకు నడిచింది. తర్వాత మీసేవకు కూడా.

నోట్‌బుక్‌లో నా గురించి ఏం రాసిందో నాకు తెలుసుకోవాలని లేదు. ఆ కత్తెర ఏమైందో మాత్రం చెప్పన్నా.

మూసీ_గట్టు
కత్తెర కనబడలేదు. అటెండర్ అన్నను అడుగుతా.

నల్లగొండ_నీళ్ళు
నాకూ ఆ కత్తెర తెలుసు, ఎర్ర పిడిది. నాది మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ కాళ్ళు. పరీక్ష హాలు రెండో అంతస్తులో వేశారు. మెట్లెక్కి కూర్చునేసరికి సగం గంట, మోకాళ్ళ నొప్పికి ఇంకో సగం గంట. ఎవరికీ చెప్పలేదు, జాలి పడతారని. దరఖాస్తు రాయిస్తే నేను నాలుగే లైన్లు రాశాను. ఆమె చదివి "దీంట్లో కోసేదేం లేదు" అని అట్లనే తీసుకుపోయింది. తర్వాతి పేపర్‌కు హాలు కిందికి మారింది.

గడియారం_సెంటర్
నేను సాంబార్ మీద రాశాను రెండు పేజీలు. "దరఖాస్తు సాంబార్ కన్నా చిక్కగా ఉంది" అని ఇన్‌వర్డ్ నంబర్ వేయించి మరీ పంపింది. సాంబార్ మారలేదు.

తండా_బిడ్డ
"దేవరకొండ బస్సు, రెండో సెమ్" నేనే. దాచేదేం లేదు, ఇప్పుడు నేనే టీచర్‌ని, మా బడిలో ఆడపిల్లలకు ఈ కథ ఏటా చెప్తాను.

2018 సంక్రాంతికి ఇంటికి పోతే సంబంధం ఖాయం చేసి పెట్టారు. నాకు పందొమ్మిది దాటింది కాబట్టి చట్టం ఏమీ అనదు. మేడమ్‌కు చెప్పి ఏడ్చాను గానీ ఆమె ఏమైనా చేస్తుందని అనుకోలేదు. ఆదివారం పొద్దున బస్సు దిగి మా తండాకు నడుచుకుంటూ వచ్చింది. యూనివర్సిటీ కౌన్సిలర్‌ని అని చెప్తే మా నాన్న మున్సిపల్ కౌన్సిలర్ అనుకుని లేచి తువ్వాలు దులిపి మంచం వేశాడు. ఆమె కూడా దిద్దలేదు. గంటసేపు పత్తి గురించే మాట్లాడారు, ఏరడానికి కూలీలు దొరకడం లేదని, క్వింటాలు ఎంత పోతోందని. నేను లోపల తలుపు పక్కన నిలబడి, ఈమె దీనికోసమా వచ్చింది అనుకుంటున్నా. లేచే ముందు మాత్రం అడిగింది, "పెళ్ళి ఈ ఎండాకాలమేనా?" అని. నాన్న కళ్యాణలక్ష్మి లెక్క చెప్పాడు, అప్పుడు 75,116. "ఆ డబ్బు వచ్చే ఏడాది కూడా ఇస్తారు కదా, పిల్లకు పీజీ అయితే కట్నం బేరం కూడా మీ చేతిలో ఉంటది" అంది, అంతే. కట్నం మాట నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు, కానీ మా నాన్నకు అర్థమయ్యే భాష అదొక్కటే.

పెళ్ళి ఆగింది. ఆ మార్చిలోనే ప్రభుత్వం దాన్ని 1,00,116 చేసింది. మా నాన్న ఇప్పటికీ అంటాడు, ఆ కౌన్సిలర్ మేడమ్‌కు ముందే తెలుసు అని.

జడ్చర్ల_జంక్షన్
😂😂 ముందే తెలుసట

పిల్లలమర్రి_నీడ
అందరూ దేవతను చేస్తున్నారు కాబట్టి ఒక్కరైనా చెప్పాలి. నేను చెప్పొద్దు అన్నది ఆమె మా అన్నకు ఫోన్ చేసి చెప్పింది. 2019. ఆ రోజు ఆ గదిలో నేను అన్న మాట ఎలాంటిదో ఒప్పుకుంటాను, అలాంటి మాట విన్నవాళ్ళు ఊరుకోలేరు, అదీ ఒప్పుకుంటాను. కానీ మా అన్న వచ్చి సామాను సర్దించి తీసుకుపోయాడు, ఒక సెమిస్టర్ పోయింది, మా వాడకట్టులో నాకొక పేరు పడింది. బతికి ఉన్నాను కదా అంటారు. ఉన్నాను. అయినా నాకు చెప్పి చెయ్యాల్సింది.

గడియారం_సెంటర్
అక్కా, ఆమె చెయ్యకపోతే ఇవాళ ఈ పోస్టు ఎవరు రాసేవాళ్ళు?

పిల్లలమర్రి_నీడ
ఇదే మాట అంటారని నాకు తెలుసు. ఆరేళ్ళుగా అందరూ ఇదే అన్నారు.

సైకాలజీ_చదివినోడు
గడియారం, ఆగు. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే గోప్యత దాటొచ్చు, మాకు నేర్పేది కూడా అదే. కానీ దాటే ముందు ఎదుటి మనిషికి చెప్పాలి, "నేను ఇప్పుడు మీ ఇంటికి ఫోన్ చెయ్యబోతున్నా, ఎవరికి చేస్తే నీకు నయం?" అని. అన్నకు చెయ్యాలా, పిన్నికి చెయ్యాలా అనేది చాలా పెద్ద తేడా. మేడమ్ ఎం.ఏ. సైకాలజీ చదివింది కానీ మాకు ఉన్నట్టు పైన చూసుకునే సూపర్‌వైజర్ ఆమెకు ఎవరూ లేరు. కేసు తేడాగా ఉంటే అడగడానికి మనిషి లేడు.

పిల్లలమర్రి_నీడ
థాంక్స్. ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. నేను మళ్ళీ జాయిన్ అయ్యాక ఆమె నన్ను పిలవలేదు. హాస్టల్ గది తలుపు కింది నుంచి ఒక కాగితం వచ్చింది. "గౌరవనీయులైన విద్యార్థినికి" అని మొదలు. విషయం: నీకు చెప్పకుండా మీ ఇంటికి ఫోన్ చేసినందుకు. కింద సంతకం, తేదీ, అన్నీ దరఖాస్తులాగే. "నా విన్నపాన్ని పరిశీలించగలరు" అని ముగించింది. నేను జవాబు ఇవ్వలేదు. ఆ కాగితం డిగ్రీ సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది.

తండా_బిడ్డ
అక్కా...

నిద్రపట్టనోడు
నాది దరఖాస్తుతో అయ్యే కేసు కాదు. వరుసగా నాలుగు రాత్రులు నిద్ర లేదు, గోడ అవతల నా గురించి మాట్లాడుకుంటున్నారని రూమ్‌మేట్లతో గొడవ. వాళ్ళు గాలి సోకిందన్నారు, ఒకడు తాయత్తు కూడా తెచ్చాడు. మేడమ్ నాతో పది నిమిషాలే మాట్లాడింది. ఇది మాటలతో పోయేది కాదు, డాక్టర్ పని అని ఆమెకు తెలిసిపోయింది. నేను భయపడి "ఎర్రగడ్డకా?" అన్నాను. హైదరాబాద్‌లో పిచ్చాసుపత్రి అక్కడే కాబట్టి, మన దగ్గర ఎవడైనా కాస్త తేడాగా మాట్లాడితే ఎర్రగడ్డ అనే కదా అంటాం. "ఎర్రగడ్డలో రైతు బజార్ కూడా ఉంది, కూరగాయలకు పోయేటోళ్ళందరూ పిచ్చోళ్ళా? అయినా అంత దూరం ఎందుకు, ఇక్కడి పెద్దాసుపత్రిలోనే చూస్తారు" అని ఓపీ చీటీ దగ్గర తనే లైన్లో నిలబడింది. మూడు నెలలు మందులు తెచ్చుకున్నానా లేదా అని ఖాళీ స్ట్రిప్ చూపించమనేది. ఇప్పటికీ ఒక మాత్ర వేసుకుంటాను, ఉద్యోగం చేస్తున్నాను, పెళ్ళికి ముందు మా ఆవిడకు చెప్పే చేసుకున్నాను.

అందరినీ ఓదార్చి పంపేది అని ఫ్లెక్సీ మీద రాశారు. నన్ను ఓదార్చలేదు. ఆస్పత్రికి పంపింది. ఎవరిని ఎటు పంపాలో తెలియడమే ఆమె పని.

పాత_క్లర్క్
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను అదే బిల్డింగులో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, ఏ సెక్షనో చెప్పను. మీకు కోపం వచ్చినా సరే ఒకటి రాస్తాను.

ఆమె పోస్టు కాగితాల మీద కౌన్సిలర్ కాదు. అవుట్‌సోర్సింగ్‌లో ఆఫీస్ అసిస్టెంట్. సైకాలజీ చదివిందని తెలిసి ఒక గది ఇచ్చి, తలుపు మీద బోర్డు పెట్టి కూర్చోబెట్టారు. జీతం అసిస్టెంట్‌దే, అదీ రెండు మూడు నెలలకు ఒకసారి. పై నుంచి ఎవరైనా తనిఖీకి వస్తే మాత్రం "మా దగ్గర కౌన్సెలింగ్ సెల్ ఉంది" అని ఆ గదే చూపించేవాళ్ళు. నిజమైన పోస్టు మంజూరు చేయించండి అని ఫైలు పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఎందుకంటే పని జరిగిపోతోంది. ఆమె ఆదివారం బస్సెక్కి తండాకు పోయినంతకాలం ఆ కుర్చీకి జీతం ఇవ్వాల్సిన మనిషి అక్కర్లేదు. ఇప్పుడు ఆమె లేదు, పోస్టూ లేదు, గదిలో కట్టలు. ఆమె అంత బాగా చెయ్యకపోయి ఉంటే ఎప్పుడో గోల అయి, ఒక పోస్టు వచ్చేదేమో.

పాలమూరు_పోరడు
అంటే పోయినామె మీదనే నెపమా సార్? ఆమె చెయ్యకపోతే గోల అయ్యేలోపు నాలాంటోళ్ళం ఎంతమంది పోయేవాళ్ళం?

పాత_క్లర్క్
నెపం ఆమె మీద కాదు బాబూ. నా మీద కూడా. ఆ ఫైలు నేను పెట్టొచ్చు, పెట్టలేదు.

డిండి_కాలువ
సార్ చెప్పింది చేదుగా ఉంది కానీ ఆలోచించాల్సిందే. ఇప్పుడైతే చేతిలో ఒక ఆధారం ఉంది. 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది, విశాఖలో నీట్‌కు చదువుతున్న అమ్మాయి మరణం కేసులో. 100 మంది, ఆపైన విద్యార్థులు ఉన్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి. మన దగ్గర ఒక్క హాస్టల్లోనే వందకు ఎన్ని రెట్లు ఉంటారో లెక్క వేసుకోండి. విగ్రహానికి చందాలు వసూలు చేస్తున్నారు కదా ఆ వాట్సాప్ గ్రూపులో, దానికన్నా పది రూపాయలు పెట్టి ఆర్టీఐ వెయ్యండి. మంజూరైన కౌన్సిలర్ పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, 14వ గది ప్రస్తుతం దేనికి వాడుతున్నారు. మూడే ప్రశ్నలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

గడియారం_సెంటర్
విగ్రహం ఆపండి ముందు. ఆమె అందరిలాగా నిలబడి ఉన్న విగ్రహం పెడతారు, పక్షులు రెట్టలేస్తాయి, జయంతికి ఒకరోజు నీళ్ళు కొడతారు. పెట్టేదైతే కత్తెర పట్టుకున్నట్టు పెట్టండి, కొత్తవాళ్ళు టైలర్ అనుకుంటారు.

జడ్చర్ల_జంక్షన్
చందా డబ్బులు ఎంతయ్యాయి, ఎవరి దగ్గర ఉన్నాయి? చీటీ పాట మొదలైందా లేదా?

మూసీ_గట్టు
చందా సంగతి ఆ గ్రూపులో అడగండి, నేను అందులో లేను.

రెండు విషయాలు. ఒకటి, మేడమ్ వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. "అమ్మ ఆ పుస్తకం ఇంట్లో ఎప్పుడూ తెరవలేదన్నా, మాకు వద్దు" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

రెండు, నిన్న రాత్రి దాన్ని గోనెసంచిలో కట్టి పెడదామని తీస్తే వెనక అట్ట వైపు నుంచి తెరుచుకుంది. వెనక నుంచి తిప్పి కూడా రాసింది, మనం రఫ్ వర్క్ చేసుకునేవాళ్ళం కదా అలాగ. అక్కడ మనుషులు లేరు, అంతా ఆఫీసులు. కొన్ని ఇక్కడ పెడుతున్నా, ఇందులో ఎవరి గుట్టూ లేదు.

"ఆదాయ సర్టిఫికెట్: మీసేవలో పెట్టి ఊరుకోవద్దు, తహసీల్ ఆఫీసులో ఒకసారి కనబడాలి. సోమవారం పోవద్దు, ప్రజావాణి, సార్లందరూ కలెక్టరేట్‌లో ఉంటరు. మంగళవారం పో."

"పరీక్ష ఫీజు ఆఖరు తేదీ అంటే ఆఖరు కాదు. ఫైన్‌తో ఇంకొకటి ఉంటది. పిల్లలకు ఇది తెల్వక ఏడుస్తరు."

"హాజరు తక్కువ: ముందే చెప్తే దారి ఉంటది, లిస్టు పెట్టినంక ఉండదు. జ్వరం వచ్చిన రోజే చీటీ దాచుకొమ్మని ఫస్టియర్‌కు మొదటి వారమే చెప్పాలె."

"ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుకుంటే: యూజీసీ 2018 అక్టోబర్ ఉత్తర్వు జిరాక్స్ డ్రాయర్‌లో ఉంది. గొడవ పడొద్దు, జిరాక్స్ టేబుల్ మీద పెట్టి నవ్వాలె."

"సైకియాట్రీ ఓపీ: పొద్దుగాలే పోవాలె, వెంట ఒక మనిషి, ఆధార్. తిని పోవాలె, లైన్ల నిలబడితే కండ్లు తిరుగుతయి."

"ఎవరన్నా 'కేసు అయితది' అని పిల్లను బెదిరిస్తే: 2017 చట్టం, సెక్షన్ 115. బతుకు మీద విరక్తితో ఏదన్నా చేసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిల ఉన్నట్టే లెక్క, శిక్ష కాదు, సాయం చెయ్యాలె."

ఇలా దాదాపు నలభై పేజీలు ఉంది. ఒకచోట ఎర్ర పెన్నుతో "14416, టెలీ మానస్, 24 గంటలు, తెలుగులో మాట్లాడతరు" అని రాసి మూడు గీతలు కొట్టింది. పక్కన తేదీ 2022 అక్టోబర్. ఆ ప్రభుత్వ హెల్ప్‌లైన్ మొదలైన నెలే.

డిండి_కాలువ
అన్నా ఇదీ దాచాల్సింది. మనుషుల పేజీలు కాదు, ఈ నలభై పేజీలు.

సైకాలజీ_చదివినోడు
నాకు కాలేజీలో ఎవరూ నేర్పనిది ఇది. మంగళవారం పో అన్న మాట ఏ టెక్స్ట్‌బుక్‌లో ఉంటుంది! వెనక పేజీలు టైప్ చేద్దాం, నేను సగం చేస్తా. ముందు పేజీలు మాత్రం లేకుండా చెయ్యాలి.

తండా_బిడ్డ
నా పేజీ నాకు కావాలి. అది నాది కదా. కోసి పంపు అన్నా, ఆమె కోసినట్టే.

మూసీ_గట్టు
నేనూ అదే అనుకుని తీశాను చెల్లె. కానీ నీ పేజీకి వెనక వైపు "నిడమనూరు బస్సు" ఉంది. నీది ఇస్తే వాళ్ళది కూడా నీ దగ్గరికి వస్తుంది.

తండా_బిడ్డ
అయితే వద్దు.

నిద్రపట్టనోడు
కాల్చకు. కాలిస్తే సగం కాలిన కాగితం ఎగిరి పక్కింటి దండెం మీద పడుతుంది, ఇంక ఊరంతా చదువుతారు. బకెట్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి పిసికి ముద్ద చెయ్. మా అమ్మ పాత కాగితాలతో అలాగే గంపలు చేసేది, మెంతులు కలిపి రుబ్బి.

గడియారం_సెంటర్
గంప చేసి ఆ గదిలో చెత్తబుట్టగా పెడదాం.

పిల్లలమర్రి_నీడ
గంప చెయ్యండి గానీ చెత్తబుట్టగా వద్దు. 2019 మార్చి పేజీలు కూడా అందులోనే కలపండి.

పాత_క్లర్క్
ఆర్టీఐ దరఖాస్తు నేను రాసి పెట్టాను. నా పేరు మీదనే వేస్తాను, పెన్షన్ ఎలాగూ ఆపలేరు. విద్యార్థుల తరఫున రిజిస్ట్రార్‌కు ఇచ్చే వినతిపత్రం వేరే రాయండి, ఆ సుప్రీంకోర్టు తీర్పు కాపీ వెనక జత చెయ్యండి. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మర్చిపోవద్దు, స్టాంపు లేని దరఖాస్తు ఇవ్వనట్టే.

కొత్త_బ్యాచ్_సెకండియర్
నేను ఇప్పుడు అక్కడే చదువుతున్నా. మేడమ్‌ను చూడలేదు, సీనియర్స్ చెప్తే నిన్న 14కు వెళ్ళాను. తాళం ఉంది, కిటికీలోంచి చూస్తే కట్టలు. ఎగ్జామ్ ఫీజు ఆఖరు తేదీ నిన్ననే అయిపోయింది. డబ్బులు ఇంట్లో ఇచ్చారు, వేరే దానికి అయిపోయాయి, అదంతా ఇక్కడ రాయలేను. రెండు రోజులుగా క్లాసుకు వెళ్ళలేదు, తిండి సహించట్లేదు. ఎవరిని కలవాలి?

మూసీ_గట్టు
పైన నేను పెట్టింది చదివావా? ఆఖరు తేదీ ఆఖరు కాదు. ఫైన్‌తో ఇంకొకటి ఉంటుంది, రేపు ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అడుగు. నాకు మెసేజ్ చెయ్, ఫీజు సంగతి మనం చూద్దాం.

సైకాలజీ_చదివినోడు
నాక్కూడా మెసేజ్ చెయ్, ఈ రాత్రే. ఫోన్‌లో మాట్లాడుకుందాం, నీకు చెప్పాలనిపించినంతే చెప్పు. ఈ లోపు అర్ధరాత్రి భారంగా అనిపిస్తే 14416కు కొట్టు, డబ్బులు పడవు.

పిల్లలమర్రి_నీడ
నేను మహబూబ్‌నగర్‌లోనే ఉన్నా. రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తా, మన ఆడవాళ్ళకు బస్సులో టికెట్ కూడా లేదు కదా. గేటు దగ్గర ఉంటాను. మీ ఇంటికి మాత్రం ఫోన్ చెయ్యను. చెయ్యాల్సి వస్తే ముందు నీకు చెప్పే.

పాలమూరు_పోరడు
తెల్ల కాగితం తీసుకో. గౌరవనీయులైన అని మొదలుపెట్టు. ఎవరికి అనేది ఆఖరికి చూద్దాం.

కొత్త_బ్యాచ్_సెకండియర్
వెళ్ళొచ్చాం. ఫైన్‌తో వచ్చే గురువారం వరకు ఉందట. అక్క నాతోనే ఉంది, మధ్యాహ్నం గేటు బయట ఇడ్లీ తినిపించింది. రాత్రి సార్‌తో గంట మాట్లాడాను, మళ్ళీ రేపు మాట్లాడాలి. దరఖాస్తు పేజీన్నర అయింది. పై భాగం కౌంటర్‌లో ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. కింది భాగం నా దగ్గరే ఉంది.

గడియారం_సెంటర్
కత్తెర ఎక్కడిది?

కొత్త_బ్యాచ్_సెకండియర్
అడిగాను, లేదన్నారు. స్కేలు ఇచ్చారు.